హాల్లో గట్టిగా కాదు, వంటింట్లో మెల్లగా

మన ఇళ్లలో టీవీని చూసేవాళ్లకన్నా వినేవాళ్లు ఎక్కువ. పొద్దున్నే ఎస్వీబీసీ పెడితే దాని ముందు కూర్చునేది ఎవరు? ఒకరు కాఫీ కలుపుతుంటారు, ఒకరు ముగ్గు వేస్తుంటారు, ఒకరు దేవుడి గదిలో ఉంటారు. సాయంత్రం సీరియల్ వచ్చే వేళకి కూరలు తరుగుతుంటాం. అసలు మన సీరియల్స్ చెవితోనే పూర్తిగా అర్థమవుతాయి. ఎవరు ఎవరిని ఏమన్నారో మళ్లీ మళ్లీ చెప్పిస్తారు కాబట్టి, ముఖాలు చూడకపోయినా కథ తప్పిపోదు. రాత్రి మ్యాచ్ నడుస్తుంటే వాకిట్లో కుర్చీలు వేసుకున్నవాళ్లు "స్కోరెంతరా" అని లోపలికి కేకేస్తూనే ఉంటారు. వీళ్లెవరికీ బొమ్మతో పెద్దగా పని లేదు, మాట చాలు. ఆ మాట అందరికీ అందాలని మనం చేసేది ఒక్కటే, హాల్లో సౌండు పెంచడం.

ఆ పని ఆపేయాలన్నది నా వాదన. టీవీ మాటని తీగల మీద గదిగదికీ తీసుకెళ్లి, అక్కడ చిన్న స్పీకరులో మెల్లగా వినిపించాలి. ఆ స్పీకరు ఎంత పలకాలో, అసలు పలకాలో వద్దో ఆ గదిలో ఉన్న మనిషి చేతిలో ఉండాలి. ఈ రెండో సంగతి కుదరకపోతే మొదటిది చేయించుకోవద్దనే చెబుతాను. ఇదంతా బంగళాల వాళ్ల షోకు అని చాలామంది అనుకుంటారు. మామూలు రెండు బెడ్‌రూముల ఇంటికే ఇది ఎక్కువ అవసరమని నా నమ్మకం, ఎందుకంటే అక్కడ హాలు గోల తప్పించుకోవడానికి చోటే ఉండదు.

నేను నెల్లూరులో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెబుతాను. మా తమ్ముడు కోవూరు వైపు పెళ్లిళ్లకీ తిరునాళ్లకీ మైక్ సెట్లు పెడతాడు. మా ఇంట్లో ఈ ఏర్పాటు చేసింది మేమిద్దరమే. అందుకని లెక్కలు కాస్త ఎక్కువే వస్తాయి.

ముందు నేల సంగతి చెప్పాలి. మా వదిన వాళ్లు ఒంగోలులో ఇల్లు కట్టుకున్నారు. పక్కనే చీమకుర్తి, అక్కడి గెలాక్సీ గ్రానైటు దేశదేశాలకీ పోతుంది. నల్లటి రాయిలో బంగారు చుక్కలు మెరుస్తుంటే ఎవరు వద్దంటారు? హాలు నేలకి, మెట్లకి, వంటగట్టుకి అదే రాయి. గోడలకి నున్నటి పుట్టీ, కిటికీలకి అద్దాలు. చూడ్డానికి చాలా బాగుంటుంది. కానీ టీవీ పెడితే వంటింట్లోకి ఒక గంభీరమైన మోత వస్తుంది తప్ప మాట రాదు.

దీనికి కారణం 1890ల చివర్లో హార్వర్డులో ఫిజిక్స్ చెప్పిన వాలెస్ సబీన్ తేల్చిన లెక్కలో ఉంది. గది ఘనపరిమాణాన్ని 0.161తో హెచ్చించి, గదిలోని ఉపరితలాలన్నీ కలిసి పీల్చుకునే శబ్దంతో భాగిస్తే, ఒక శబ్దం 60 డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) తగ్గడానికి ఎన్ని సెకన్లు పడుతుందో వస్తుంది. నున్నటి రాయి తన మీద పడ్డ శబ్దంలో నూటికి ఒకటి రెండు వంతులే పీల్చుకుంటుంది. మిగతాదంతా తిప్పికొడుతుంది. 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉన్న హాలు తీసుకోండి. నేల, గోడలు, కప్పు కలిపి 94 చదరపు మీటర్లు. సగటున నూటికి మూడు వంతులు పీల్చుకుంటాయనుకుంటే, ఖాళీ హాల్లో శబ్దం మూడు సెకన్లకి పైనే తిరుగుతుంది. సోఫాలు, పరదాలు, మనుషులు చేరాక కూడా సెకనుకి తగ్గడం కష్టం.

సెకను పాటు తిరిగితే ఏమైంది అంటారేమో. అచ్చులకి బలం ఎక్కువ, హల్లులకి తక్కువ. క, త, ప, స లాంటివి చిన్నగా, సన్నగా పలికి వెంటనే మాయమవుతాయి. ముందు అక్షరంలోని "ఆ" గదిలో ఇంకా తిరుగుతుండగానే తరవాతి "త" వచ్చి దాని కింద మునిగిపోతుంది. అందుకే గ్రానైటు హాల్లోంచి వచ్చే పాట బాగానే ఉంటుంది, వార్తలు మాత్రం తెలియవు. ఇప్పుడు సౌండు పెంచండి. "ఆ" కూడా పెరుగుతుంది, "త" కూడా పెరుగుతుంది, మునగడం మునగడమే. పైగా ఇప్పటి పలచటి టీవీల్లో స్పీకర్లు కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి. మాట ముందు గోడకి తగిలి ఆ తరవాత మన దగ్గరకి వస్తుంది.

వంటింట్లో కష్టం ఇంకో రకం. ఎగ్జాస్ట్ ఫ్యాను తిరుగుతుంటుంది, పోపు చిటపటలాడుతుంటుంది, కుళాయి కింద గిన్నెలు. చుట్టూ ఉన్న రొదకన్నా 10, 15 డెసిబెల్స్ పైన ఉంటేనే మాట శ్రమ లేకుండా అర్థమవుతుంది. హాల్లోంచి ఆ పది డెసిబెల్స్ అదనంగా పంపాలంటే టీవీ పదింతల పవరుతో అరవాలి. హాల్లో ఉన్నవాళ్ల గతి ఏమిటి? పక్కింటివాళ్ల గతి ఏమిటి? మన దేశంలో 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది దాటాక పొద్దున ఆరు వరకు 45. అపార్టుమెంట్లలో కిటికీలన్నీ తెరిచి పెట్టుకునే ఊళ్లో ఉంటూ మనం ఆ అంకెల్ని తలుచుకోను కూడా తలుచుకోం.

అదే వంటింటి కప్పుకి ఒక చిన్న స్పీకరు పెడితే, అది నిలబడ్డ మనిషి చెవికి మీటరున్నర లోపే ఉంటుంది. మామూలు స్పీకరు ఒక్క వాటు పవరుతో మీటరు దూరంలో 88, 90 డెసిబెల్స్ ఇస్తుంది. అంటే మన పనికి వాటులో చిన్న వంతు చాలు. ప్రతిధ్వని పూర్తిగా పోదు కానీ, హాలు ప్రతిధ్వనీ వంటింటి ప్రతిధ్వనీ రెండూ కలిసి రావడం పోతుంది. మాట ముందు తిన్నగా చెవికి తగులుతుంది, తరవాతే గోడలది.

ఇది మైక్ సెట్ల వాళ్లకి ఎప్పటినుంచో తెలిసిన విద్య. వీధి చివర ఒక పెద్ద హారన్ కట్టి ఊరంతా వినిపించాలనుకుంటే దగ్గర ఇళ్లవాళ్లకి చెవులు దిబ్బళ్లు పడతాయి, దూరం వాళ్లకి మాట తెలియదు. హరికథకో ఉపన్యాసానికో పిలిస్తే మా తమ్ముడు హారన్లు తీసుకుపోడు. షామియానా పొడుగునా చిన్న చిన్న కాలమ్ స్పీకర్లు నిలబెట్టి ఒక్కోదాన్ని తగ్గించి పెడతాడు. గూడూరు నిమ్మతోటల్లో డ్రిప్పు పెట్టడం చూసినవాళ్లకి ఇందులో కొత్తేమీ ఉండదు. తోటంతా నీళ్లు పారించడం మానేసి ప్రతి చెట్టు మొదట్లో చుక్కలు వదిలినట్టే ఇదీనూ.

సరే, స్పీకరు దగ్గర పెట్టాలి, ఒప్పుకున్నారు. "దానికి తీగలెందుకు, ఒక బ్లూటూత్ స్పీకరు కొని వంటగట్టు మీద పెడితే పోలా?" ఈ మాట నాతో అనని చుట్టం లేడు. ఇక్కడే అసలు చిక్కుంది, కొంచెం నిదానంగా చెప్తాను.

శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది, మన మే నెల ఎండలో 350 దాటుతుంది. మీటరుకి దాదాపు 3 మిల్లీసెకన్లు అని గుర్తుపెట్టుకుంటే చాలు. హాల్లో టీవీ నుంచి వంటింటికి పది మీటర్లనుకోండి. టీవీ నుంచి తిన్నగా వచ్చే మాట 30 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది. వంటింటి స్పీకరు తీగ మీద వచ్చిన మాటని అప్పటికే పలికేసి ఉంటుంది. 30, 40 మిల్లీసెకన్ల తేడాతో వచ్చే ఒకే మాటని మన మెదడు రెండుగా వినదు, కలిపేసి ముందు వచ్చిన దిక్కునుంచే వచ్చిందని అనుకుంటుంది. దీన్ని హాస్ ప్రభావం అంటారు. కాబట్టి తీగ స్పీకరుతో హాలు మాట, వంటింటి మాట అతుక్కుపోతాయి.

బ్లూటూత్‌లో మాటని కుదించి, పంపి, మళ్లీ విప్పాలి. సాధారణంగా 150 నుంచి 250 మిల్లీసెకన్లు దానికే పోతాయి. హాల్లోంచి తిన్నగా వచ్చే మాట ముందు, స్పీకరు మాట ఆ వెనక. ప్రతి పదం రెండుసార్లు వినిపిస్తుంది. హాలు తలుపు తీసి ఉన్న ఇంట్లో పది నిమిషాలు అలా వింటే తలనొప్పి ఖాయం. ఇంటంతా ఆడియో అని అమ్మే వైఫై స్పీకర్లు పాటలకి చాలా బాగుంటాయి. అన్ని గదుల్లోనూ ఒకేసారి పలకడం కోసం పాటని కొంత ముందే దాచిపెట్టుకుని వినిపిస్తాయి. కొన్ని పద్ధతుల్లో ఆ దాపు రెండు సెకన్ల దాకా ఉంటుంది. పాటకి బొమ్మ లేదు కాబట్టి ఆలస్యం ఎవరికీ తెలియదు. టీవీకి బొమ్మ ఉంది. మాట బొమ్మకన్నా 45 మిల్లీసెకన్లు ముందొచ్చినా, 125 వెనకబడినా చూసేవాళ్లు గమనిస్తారని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 1998లోనే తన సిఫారసులో చెప్పింది. టీవీ బొమ్మని కొంచెం తీర్చిదిద్దే పనిలో పడి వెనకబడితే, మాట ముందొచ్చేస్తుంది. అప్పుడు యాంప్లిఫయర్‌లో కొంత ఆలస్యం కలిపి సరిచేయొచ్చు. కలపగలం, తీసేయలేం. బ్లూటూత్‌లో పోగొట్టుకున్న రెండు వందల మిల్లీసెకన్లని ఏ సెట్టింగూ తిరిగి ఇవ్వదు.

టీవీలోంచి మాటని ఎక్కడ తీసుకోవాలన్నది తరవాతి ప్రశ్న. సెట్‌టాప్ బాక్సు వెనక ఎరుపు, తెలుపు గుంటలు కనిపిస్తాయి. అక్కడ తీసుకుంటే కేబుల్ ఛానళ్లే వస్తాయి, టీవీలోనే ఉన్న యూట్యూబూ సినిమా యాప్‌లూ రావు. అందుకని టీవీ నుంచే తీయాలి. నేను ఆప్టికల్ గుంటనే ఎంచుకోమంటాను. ఇది 1983లో తోషిబా తెచ్చిన పద్ధతి, ప్లాస్టిక్ పోగులో ఎర్రటి వెలుతురుగా శబ్దం వెళ్తుంది. టీవీకి, యాంప్లిఫయర్‌కి మధ్య రాగి తీగే ఉండదు కాబట్టి, కేబుల్ ఎర్తుకీ ఇంటి ఎర్తుకీ తేడా వల్ల వచ్చే ఆ "భూం" అనే మోత రాదు. పోగుని మరీ మడవకూడదు, ఐదు మీటర్లలోపు ఉంచుకోవాలి, అంతే.

ఆ వెలుతురుని మళ్లీ మామూలు శబ్దంగా మార్చే చిన్న డబ్బా ఒకటి కావాలి. దాన్ని బిగించి టీవీ పెడితే చాలామందికి నిశ్శబ్దమో గరగరో ఎదురవుతుంది, డబ్బా పాడైందని తిరిగిచ్చేస్తారు. పాడు కాదు. టీవీ సెట్టింగుల్లో డిజిటల్ సౌండు అవుట్ అన్నచోట ఆటో అనో డాల్బీ అనో ఉంటుంది, చవక డబ్బాలకి ఆ కుదించిన భాష రాదు. దాన్ని పీసీఎం (కుదించని మామూలు డిజిటల్ శబ్దం) అని మారిస్తే మాట వస్తుంది. ఇంకో సంగతి, ఆప్టికల్‌లో చాలా టీవీల రిమోటుతో సౌండు తగ్గదు పెరగదు, ఎప్పుడూ ఒకే మట్టంలో వస్తుంది. దీన్ని లోపమని అంటారు. నాకైతే ఇదే వరం. హాల్లో ఎవరో మ్యూట్ నొక్కితే వంటింట్లో మాట ఆగిపోదు.

2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చిన ఏఆర్‌సీ, 2017 నాటి హెచ్‌డీఎంఐ 2.1తో వచ్చిన ఈఏఆర్‌సీ సౌండ్‌బార్లకి మంచివి. ఇవి టీవీ మాటని హెచ్‌డీఎంఐ తీగ మీదే బయటికి పంపే పద్ధతులు. ఒకే రిమోటుతో అన్నీ నడుస్తాయి, ఈఏఆర్‌సీలో మాట, బొమ్మ కలిపే ఏర్పాటు తప్పనిసరి. సినిమా చూసేటప్పుడు హాల్లో దాన్నే వాడుకోండి. ఇంటంతా పంచే లైను సినిమాకి కాదు, మాటకి. కొన్ని టీవీలు ఏఆర్‌సీనీ ఆప్టికల్‌నీ ఒకేసారి ఇస్తాయి, కొన్ని ఏదో ఒకటే ఇస్తాయి. షాపులో డబ్బు కట్టే ముందే పెట్టించి చూసుకోవాల్సింది ఇదే.

యాంప్లిఫయర్ దగ్గర మా తమ్ముడికీ హోమ్ థియేటర్ అమ్మేవాళ్లకీ పడదు. ఇంటి స్పీకర్లు 8 ఓములవి. ఓము అంటే కరెంటుకి తగిలే అడ్డాన్ని కొలిచే లెక్క, అది తగ్గేకొద్దీ యాంప్లిఫయర్ మీద భారం పెరుగుతుంది. రెండు పక్కపక్కన కలిపితే 4, నాలుగు కలిపితే 2. చాలా ఇంటి యాంప్లిఫయర్లు 4 కన్నా కిందికి పోతే వేడెక్కి ఆగిపోతాయి, లేదా కాలిపోతాయి. గదిగదికీ స్పీకరు పెట్టినచోట జరిగేది ఇదే. మైక్ సెట్ల వాళ్లు దీన్ని 100 వోల్టుల లైనుతో తప్పించారు. నేలటూరు దగ్గర కృష్ణపట్నం థర్మల్ ప్లాంటు కరెంటుని 400 కిలోవోల్టుల లైన్ల మీద బయటికి పంపేది ఎందుకో, ఇదీ అందుకే. 100 వాట్ల శబ్దాన్ని 8 ఓముల స్పీకరుకి తిన్నగా పంపితే తీగలో మూడున్నర ఆంపియర్లు పారతాయి. అదే 100 వోల్టులకి పెంచి పంపితే ఒక్క ఆంపియరే. తీగలో వేడిగా పోయేది పన్నెండో వంతుకి పడిపోతుంది. ప్రతి స్పీకరు వెనక ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, దాని మీద 3 వాట్లు, 6 వాట్లు, 10 వాట్లు అని గుర్తులుంటాయి. వంటింటికి 6, పడగ్గదికి 3 అని పెట్టుకుంటూ పోయి, అన్నిటి మొత్తం యాంప్లిఫయర్ పవరులో నూటికి ఎనభై వంతులు దాటకుండా చూసుకుంటే చాలు. ఓముల లెక్క మరిచిపోవచ్చు.

ఈ ట్రాన్స్‌ఫార్మర్లలో లోతైన బాస్ కొంత పోతుంది. సంగీతం శ్రద్ధగా వినేవాళ్లు గదికి ఒక ఛానల్ చొప్పున ఉన్న 8 ఓముల మల్టీరూమ్ యాంప్లిఫయరే కొనాలి, ఖర్చు పెడతారు, ఫలితమూ ఉంటుంది. మాటకి మాత్రం మైక్ సెట్ పద్ధతే గట్టిది. మొత్తం సామాను ఖర్చు ఒక మధ్యరకం ఫోను ఖరీదుకి అటూ ఇటూగా తేలింది. ఒక జాగ్రత్త: ఇది నిజంగానే 100 వోల్టుల దాకా పోగల లైను. జాయింట్లు బయటికి కనపడకూడదు, పిల్లల చేతికి అందకూడదు. ఇంకొకటి, గదికి ఒక్కటే స్పీకరు పెడుతున్నప్పుడు ఎడమ, కుడి రెండూ కలిపి మోనో చేయాలి. లేకపోతే ఎడమవైపు వినిపించాల్సిన మనిషి గొంతే వంటింట్లో వినిపించి, కుడివైపు మనిషి మాయమవుతాడు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి.

స్పీకర్లు పెట్టి, ఏ గదిలో సౌండు ఆ గదిలో తిప్పుకునే నాబ్‌లు పెట్టని ఇళ్లు చూశాను. యాంప్లిఫయర్ హాల్లో ఉంటుంది, రిమోటు ఇంటి పెద్ద చేతిలో ఉంటుంది, రాత్రి తొమ్మిదికి చర్చా కార్యక్రమం మొదలవగానే నలుగురు అరుచుకునే అరుపులు చదువుకునే పిల్లల గదితో సహా ఇల్లంతా పడతాయి. అలాంటి ఇంట్లో ఇంతకుముందు ఒక గదికే ఉన్న బాధని ఐదు గదులకి పంచారు. కరెంటు దీపానికి ఏ గదిలో స్విచ్ ఆ గదిలో పెడతాం. శబ్దానికి మాత్రం ఎందుకు పెట్టం? దీపం వద్దనుకుంటే కళ్లయినా మూసుకోవచ్చు, చెవికి రెప్ప లేదు.

మా ఇంట్లో ప్రతి గదిలోనూ మామూలు స్విచ్ బోర్డులో పట్టే వాల్యూమ్ కంట్రోల్ ఒకటి ఉంది, సున్నా దాకా తిరుగుతుంది. మా అమ్మాయి ఈఏపీసెట్‌కి చదువుతున్నన్నాళ్లూ దాని గదిలో అది సున్నా మీదే ఉంది, టీవీ ఎవరూ ఆపుకోలేదు. మా ఆయనకి రాత్రి వార్తలు కావాలి, నాకు అక్కర్లేదు. ఇదివరకు ఆ వార్తలు వింటూనే అన్నం వండేదాన్ని. ఇప్పుడు హాల్లో ఆయన వార్తలు ఆయన వింటారు, వంటింట్లో నేను నాబ్ తిప్పేసుకుంటాను. పొద్దున సుప్రభాతానికి మళ్లీ పెంచుకుంటాను. అప్పుడు టీవీలో పిక్చర్ ఆఫ్ పెట్టేస్తాం, బొమ్మ లేకుండా మాటే వస్తుంది, కరెంటూ కలిసొస్తుంది. కుక్కరు విజిల్ వినిపించేంత తక్కువలో వంటింటి స్పీకరు ఉండాలన్నది నా కొలత. విజిళ్లు లెక్క తప్పితే పప్పు ముద్దవుతుంది. ఆ కొలత హాల్లో కూర్చున్నవాళ్లకి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు, నాబ్ నా దగ్గరుంటే చాలు.

మా అత్తయ్యకి వయసుతో వినికిడి తగ్గింది. వయసు మీద పడే చెవుడు ముందు సన్నటి శబ్దాలని తీసుకుపోతుంది, అంటే మళ్లీ ఆ స, త, క, ప లే. "టీవీలో వీళ్లు మాటలు నములుతున్నారే" అనేవారు. ఇంట్లో సౌండు పెంచేది ఆవిడేనని అందరికీ ఆవిడ మీద చిరాకు. కప్పు మీది స్పీకరు ఆవిడకి సరిపోదు. మంచం తలవైపు గోడకి, పడుకున్నా కూర్చున్నా చెవికి దగ్గరగా ఉండేలా చిన్న పెట్టె స్పీకరు పెట్టాం. ట్రెబుల్ కొంచెం పెంచి, ఆ గదిలో కిటికీకి మందపాటి పరదా వేశాం. ఇప్పుడు ఆవిడ గదిలో మాట హాలుకి కూడా వినపడనంత మెల్లగా ఉంటుంది, ఆవిడకి మాత్రం తెలుస్తుంది. ఇంట్లో ఒక పెద్ద మనిషి "అందరికీ అడ్డం పడుతున్నాను" అనుకోవడం మానేశారంటే, ఈ తీగలకి పెట్టిన ఖర్చు నాకు ఎప్పుడో తిరిగొచ్చింది. హెడ్‌ఫోన్స్ కొనిస్తే సరిపోయేదిగా అన్నారు కొందరు. నెల్లూరు ఎండల్లో చెవులకి డిప్పలు పెట్టుకుని, తలుపు తట్టినా మనవరాలు పిలిచినా వినపడకుండా ఒక ముసలావిడని కూర్చోబెట్టమంటారా? నేను ఒప్పుకోను.

ఎవరి ఫోన్లో వాళ్లు చూసుకోవచ్చు కదా అన్నది ఇంకో మాట. పిండి చేత్తో ఫోను ముట్టుకోలేకపోవడం అటుంచండి, మ్యాచ్ రోజు చూడండి. యాప్‌లో వచ్చే మ్యాచ్ కేబుల్ కన్నా పదుల సెకన్లు వెనకబడి ఉంటుంది. ఫోన్లో బౌలరు ఇంకా పరిగెత్తుతుంటాడు, పక్క గదిలో అప్పటికే "అవుట్" అని కేక. మా ఇంట్లో వికెట్ పడితే వంటింట్లో నేనూ, మంచం మీద అత్తయ్యా, వాకిట్లో మావాళ్లూ ఒకే క్షణంలో అరుస్తాం. అందరం ఒకటే వినడం నాకు ఇష్టం. వద్దన్నవాళ్లు నాబ్ తిప్పేసుకునే స్వేచ్ఛ ఉన్నప్పుడే ఆ ఇష్టానికి అర్థం.

దీనికి ఒక హద్దు ఉంది, దాచను. నాబ్ సౌండునే ఎంచుకోనిస్తుంది, కార్యక్రమాన్ని కాదు. హాల్లో ఏది నడిస్తే అదే వంటింట్లో. అందుకని కుదిరినవాళ్లు గదిగదికీ రెండు జతల తీగలు లాగించుకోవాలి. ఒకదాని మీద టీవీ, రెండోదాని మీద రేడియోనో ఫోను పాటలో, గోడ మీద అటూ ఇటూ మార్చే స్విచ్. దీనికి రెండో యాంప్లిఫయర్ కావాలి. ఇప్పుడు కొనకపోయినా ఫరవాలేదు, తీగ మాత్రం ఇప్పుడే లాగాలి.

తీగ అనగానే ఇల్లు కడుతున్నవాళ్లకి చెప్పాల్సింది ఉంది. స్లాబు పోయకముందే కరెంటు పైపులతో పాటు దీనికి వేరే పైపు వేయించండి. కరెంటు తీగలున్న పైపులోనే దీన్నీ దూర్చేస్తామంటారు, ఒప్పుకోవద్దు. హమ్మింగు వస్తుంది, ప్రమాదం కూడా. రెండు పైపుల మధ్య కనీసం అడుగు ఎడం ఉండాలి, దాటాల్సి వస్తే అడ్డంగా దాటాలి, పక్కపక్కన పోకూడదు. పైపు ఖాళీగా వదిలేస్తుంటే, తరవాత స్పీకరు తీగని కట్టి లాగడానికి లోపల ఒక జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) తీగ లాగి ఉంచండి. స్పీకరు వైరు అని చవకగా అమ్మేదాంట్లో చాలావరకు పైన రాగి పూత, లోపల అల్యూమినియం. అల్యూమినియం రాగిలో నూటికి అరవై వంతుల కరెంటునే మోస్తుంది, వంచితే విరుగుతుంది, మన సముద్రపు గాలికి కొసల దగ్గర తెల్లగా పొడి కడుతుంది. చివర గీరి చూస్తే తెలిసిపోతుంది. 1.5 చదరపు మిల్లీమీటర్ల నిఖార్సైన రాగి తీగ తీసుకోండి. ఇల్లు ఇదివరకే కట్టుకున్నవాళ్లు ఫాల్స్ సీలింగు చేయించేటప్పుడు లాగించుకోవచ్చు, అదీ లేకపోతే గోడ వారనే కేసింగు పట్టీ.

వంటింటి స్పీకరు పొయ్యికి సరిగ్గా పైన వద్దు. నూనె ఆవిరి పట్టి ఏడాది తిరక్కుండానే జాలీ జిడ్డెక్కుతుంది. సింకుకీ పొయ్యికీ మధ్య, మనిషి ఎక్కువసేపు నిలబడేచోట పెట్టించండి. వాకిట్లోది వాన జల్లు తగలని మూల చూసుకోవాలి, తుఫాను గాలికి వాన అడ్డంగా కొడుతుందని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. జాలీ వెనక సన్నటి దోమల మెష్ ఒక ముక్క వేస్తే బల్లులు దూరవు.

నాబ్ ఎత్తు విషయంలో ఎలక్ట్రీషియన్‌తో పేచీ పడాల్సి వస్తుంది. అన్ని బోర్డులూ ఒకే వరసలో నాలుగున్నర అడుగుల ఎత్తున ఉంటేనే అందం అంటాడు. పెద్దవాళ్ల గదిలో మాత్రం మంచం ఎక్కడ వేస్తారో ముందే అనుకుని, పడుకున్న మనిషి చెయ్యి చాపితే అందే ఎత్తులో సున్నం గీత గీయించి, అక్కడే గోడ కొట్టించండి.